నాలుగో రోజు ఉదయం: మౌంటెన్ బైకు స్టేజ్ రేసుల కష్టం ఎక్కడుంది?

హైదరాబాద్‌లో దూరాలు తొక్కే సైకిలిస్టులకు ఇప్పుడు కొదవ లేదు. శనివారం తెల్లవారకముందే లైట్లు వేసుకుని బయలుదేరి, 13 గంటల 30 నిమిషాల గడువులో 200 కిలోమీటర్ల బీఆర్‌ఎం (పోటీ కాదు, గడువులోగా పూర్తిచేయవలసిన దూరపు సైకిలు ప్రయాణం) పూర్తిచేసి, ఆదివారం ఏమీ ఎరగనట్టు పెళ్లికి హాజరయ్యేవారు ఉన్నారు. 40 గంటల గడువులో 600 కిలోమీటర్లు తొక్కినవారూ ఉన్నారు. అలాంటివారి ముందు ఎనిమిది రోజుల్లో 650 కిలోమీటర్ల మౌంటెన్ బైకు పోటీ అన్న మాట పెడితే ముందుగా వచ్చేది చిరునవ్వే. ఆ దూరం హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఉన్న రోడ్డు దూరం కంటే కాస్త ఎక్కువ, అంతే. రోజుకు ఎనభై కిలోమీటర్ల చొప్పున ఎనిమిది రోజులు వెళ్లడంలో అంత కష్టమేముందన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. అయినా అదే మనిషి ఆ పోటీలో నాలుగో రోజు ఉదయం గుడారంలోంచి బయటికి రావడానికి చేతుల మీద బరువు మోపి పాకవలసి రావచ్చు. కిలోమీటర్ల లెక్క చెప్పేదానికీ శరీరం చెప్పేదానికీ ఇంత దూరం ఎందుకుందన్నదే ఇక్కడ పరిశీలించవలసిన విషయం.

ఈ పోటీల్లో పేరు పడినది దక్షిణాఫ్రికాలోని కేప్ ఎపిక్. కెవిన్ వెర్మాక్ 2004లో ప్రారంభించిన ఈ రేసు సాధారణంగా ఏటా మార్చిలో వెస్టర్న్ కేప్ ప్రాంతంలో జరుగుతుంది. మొదటి రోజు ప్రొలోగ్ అనే చిన్న పరుగు, ఆ తర్వాత వరసగా ఏడు స్టేజ్‌లు, అంటే రోజుకొక విడత. మొత్తం దూరం ఏటా కొద్దిగా మారుతూ 600, 700 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కవలసిన ఎత్తు మాత్రం 15,000 నుంచి 16,000 మీటర్ల దాకా వెళుతుంది. అంతకు ముందే, 1998లో, ఆల్ప్స్ పర్వతాలను అడ్డంగా దాటే ట్రాన్సాల్ప్ మొదలైంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో బీసీ బైక్ రేస్, అమెరికాలోని కొలరాడోలో ఆరు రోజుల బ్రెక్ ఎపిక్, కోస్టారికాలో ఒక సముద్రతీరం నుంచి మరో సముద్రతీరానికి మూడు రోజుల్లో వెళ్లే లా రూటా, నేపాల్‌లో యాక్ అటాక్, మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ కొండల్లో ఎంటీబీ హిమాలయ, ఇవన్నీ ఇదే కోవలోవి. నేల వేరు, వాతావరణం వేరు, కానీ పద్ధతి ఒకటే: ఇవాళ ఎంత అలసినా రేపు ఉదయం మళ్లీ బరిలో నిలబడాలి, రోజువారీ సమయాలన్నీ కలిపి చివరి లెక్క తేలుస్తారు.

ముందుగా ఎత్తు సంగతి చూడాలి, ఎందుకంటే కిలోమీటర్లకు అలవాటుపడిన కంటికి ఆనని అంకె అదే. ప్రొలోగ్‌ను పక్కన పెడితే కేప్ ఎపిక్‌లో ఒక్కో స్టేజ్ సగటున తొంభై కిలోమీటర్లు, రెండు వేల మీటర్ల ఎక్కుడు. గోల్కొండ కోట గుట్ట ఎత్తు సుమారు 120 మీటర్లు. ఫతే దర్వాజా వైపు నుంచి లోపలికి వచ్చి బాలాహిస్సార్ పైదాకా మెట్లెక్కి ఆయాసపడిన ప్రతి హైదరాబాదీకి ఆ ఎత్తు కాళ్లలో గుర్తుంటుంది. రెండు వేల మీటర్లంటే ఒకే రోజులో ఆ గుట్టను పదహారు, పదిహేడుసార్లు ఎక్కడం. అలిపిరి నుంచి తిరుమలకు ఉన్న ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు కనుక, ఆ కొలతలో చెప్పాలంటే రోజూ దాదాపు మూడుసార్లు కొండెక్కి దిగడం, అదీ తారు రోడ్డు మీద కాదు, రాళ్ల బాట మీద.

దీన్ని శక్తి లెక్కలోకి మార్చడం పెద్ద పనేమీ కాదు. డెబ్బై కిలోల మనిషి, పదకొండు కిలోల సైకిలు, నీళ్లు, పనిముట్లు, బట్టలు కలిపి నాలుగు కిలోలు, మొత్తం 85 కిలోలు అనుకుందాం. ఇంత బరువును రెండు వేల మీటర్ల పైకి చేర్చడానికి కావలసిన యాంత్రిక శక్తి దాదాపు 400 కిలోకాలరీలు. అయితే మనిషి శరీరం తిన్నదానిలో నాలుగో వంతు కంటే తక్కువే పెడల్ మీదికి పంపగలదు. మిగిలినది వేడిగా పోతుంది. అందువల్ల కేవలం ఎత్తు ఎక్కడానికే 1,700 కిలోకాలరీల దాకా ఖర్చవుతుంది. దీనికి మట్టిలో, ఇసుకలో, గతుకుల్లో చక్రం దొర్లించే శ్రమ, ఎదురుగాలి, శరీరం తన పనులకు తాను వాడుకునేది కలిపితే, ఆరేడు గంటలు సైకిలు మీద గడిపే మామూలు రైడరుకు రోజు మొత్తం మీద 5,000 కిలోకాలరీల చుట్టుపక్కల తేలుతుంది. ఒక్క రోజైతే ఇది విడ్డూరం కాదు. బీఆర్‌ఎంలో ఇంతకంటే ఎక్కువే ఖర్చుచేసినవారు నగరంలో చాలామంది ఉంటారు.

రోడ్డు సైక్లింగ్‌తో పోలిక చెల్లకపోవడానికి నేల తీరు ఒక కారణం. రోడ్డు మీద దిగుడు వస్తే కాళ్లకు విశ్రాంతి. ఒక చేత్తో అరటిపండు ఒలుచుకుని తినవచ్చు. కొండబాట మీద దిగుడులోనే భుజాలు, మణికట్లు, నడుము, పిక్కలు ఎక్కువ పనిచేస్తాయి. సీటు మీద కూర్చోవడానికి వీలుండదు. పెడళ్ల మీద నిలబడి, మోకాళ్లూ మోచేతులూ వంచి, సస్పెన్షన్ మింగలేని దెబ్బలన్నీ శరీరమే మింగాలి. రెండు వేళ్లు బ్రేకు మీది నుంచి కదలవు. అరగంట దిగుడు అయ్యేసరికి ఆ వేళ్లు విప్పుకోవడానికి కాసేపు పడుతుంది. ఎక్కుడులో కూడా శ్రమ ఒకే తీరుగా సాగదు: రాయి అడ్డం వస్తే ఒక్క ఊపున బలమంతా పెట్టాలి, వెనక చక్రం జారితే సర్దుకోవాలి, ఇంకా నిటారైతే దిగి నెట్టుకుంటూ నడవాలి. ఇలాంటి పొట్టి పొట్టి ఉద్ధృతులు కండరాల్లోని నిల్వలను సాఫీ తొక్కుడు కంటే త్వరగా ఖాళీ చేస్తాయి. గచ్చిబౌలి, ఖాజాగూడ గుట్టల మీద మిగిలిన కాస్త రాళ్ల బాటల్లో ఒక గంట తొక్కినవారికి, అదే గంట ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద తొక్కడానికీ దీనికీ ఉన్న తేడా చెప్పనవసరం లేదు.

ఇంత చెప్పినా ఇది ఒక్క రోజు కష్టమే. స్టేజ్ రేసు నిజంగా పరీక్షించేది సైకిలు దిగిన తర్వాతి సమయాన్ని. కండరాల్లో 400 నుంచి 500 గ్రాములు, కాలేయంలో వంద గ్రాముల దాకా గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నుంచి శరీరం దాచుకునే ఇంధనం, నిల్వ ఉంటుంది. కష్టమైన స్టేజ్ చివరికి అందులో చాలా భాగం కరిగిపోతుంది. సరిగ్గా తింటే అది మళ్లీ నిండడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. దిగుడు బాటల్లో దెబ్బతిన్న కండరాలకైతే ఇంకా ఎక్కువ సమయం కావాలి. ఇక్కడే గడియారం అడ్డం పడుతుంది. ఉదయం ఏడు గంటలకు బయలుదేరిన విజేతలు స్టేజ్‌ను నాలుగైదు గంటల్లో ముగించి పన్నెండు కాకముందే నీడకు చేరతారు. మరునాటి ఏడు గంటల దాకా వారికి పందొమ్మిది గంటలున్నాయి. అదే స్టేజ్‌కు తొమ్మిది గంటలు తీసుకున్నవారు సాయంత్రం నాలుగింటికి వస్తారు; వారి చేతిలో ఉన్నవి పదిహేను గంటలు. ఎక్కువసేపు కష్టపడినవారికి తక్కువ విశ్రాంతి దొరుకుతుంది. నైపుణ్యం, బలం ఉన్నవారికి పోటీ కష్టం, లేనివారికి తేలిక అన్న లెక్క చాలా ఆటల్లో చెల్లుతుంది. సరదాగా ఆడేవాడి క్రికెట్ ఏనాడూ టెస్టు మ్యాచ్ అంత కష్టం కాదు. స్టేజ్ రేసులో మాత్రం చివరి వందమంది చేసే పని కొన్ని కొలతల్లో మొదటి పదిమంది పని కంటే బరువైనది. దీన్ని గుర్తించకుండా విజేతల సగటు వేగాన్ని చూసి కష్టాన్ని అంచనా వేయడం సాధారణంగా జరిగే పొరపాటు.

ఆ పదిహేను గంటలు ఎలా కరిగిపోతాయో దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. నాలుగింటికి గీత దాటిన రైడరు ముందుగా సైకిలు కడిగించుకోవడానికి వరుసలో నిలబడతాడు. తర్వాత తన స్నానం, మళ్లీ వరుస. గేర్లు సరిగా పడకపోతే మెకానిక్ గుడారం దగ్గర ఇంకో వరుస. మధ్యలో ఏదో ఒకటి తినాలి, తడిసిన బట్టలు ఆరేయాలి, గీరుకుపోయిన మోచేతికి మందు రాయించుకోవాలి, మరునాటి బాట గురించి చెప్పే సమావేశం వినాలి. ఏడింటికి భోజనం. తొమ్మిదింటికి గుడారంలో పడుకుంటే జనరేటర్ శబ్దం, పక్క గుడారంలో గురక, రాత్రి రెండుసార్లు మరుగుదొడ్డికి నడక, ఎందుకంటే పగలంతా పోయిన నీటిని సాయంత్రమే గటగటా తాగారు. నాలుగున్నరకు, ఐదింటికి మళ్లీ లేవాలి. లేచినప్పుడు వెన్ను బిగుసుకుపోయి ఉంటుంది. మొదటి రెండు రోజులు ఉత్సాహం ఈ లోటును కప్పేస్తుంది. మూడో రాత్రికి తీరని బాకీ పేరుకుంటుంది. నాలుగో రోజు ఉదయం హృదయ స్పందన కొలిచే పట్టీలో ఒక వింత కనిపిస్తుంది: మొదటి రోజు నిమిషానికి 165 కొట్టుకున్న గుండె, అదే ఎక్కుడులో ఎంత ప్రయత్నించినా 145, 150 దాటదు. కొత్తవారు దీన్ని చూసి శరీరం అలవాటుపడిందని సంతోషిస్తారు. అది అలవాటు కాదు, పేరుకున్న అలసట.

తిండి విషయంలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉందనిపిస్తుంది, అన్నం అలవాటున్న శరీరాలు కదా. ఆ భ్రమ అంకెలు చూస్తే పోతుంది. ఇలాంటి రోజుల్లో శరీర బరువులో ప్రతి కిలోకు 8 నుంచి 12 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలన్నది క్రీడా పోషకాహారంలో స్థిరపడిన సలహా. డెబ్బై కిలోల మనిషికి అది 560 నుంచి 840 గ్రాములు. వండిన అన్నంగా చూస్తే రెండు నుంచి మూడు కిలోలు, ఒక్క రోజులో. అందులో మంచి భాగాన్ని సైకిలు మీదే, గంటకు 60 నుంచి 90 గ్రాముల చొప్పున తీసుకోవాలి; ఇడ్లీల లెక్కన గంటకు ఆరు నుంచి తొమ్మిది, అదీ గుండె నిమిషానికి నూట యాభైసార్లు కొట్టుకుంటుండగా. సైకిలిస్టులు జెల్‌లనూ పొడులనూ ఆశ్రయించేది అందుకే. వాటిలో గ్లూకోజుతో పాటు ఫ్రక్టోజు కలపడానికీ కారణం ఉంది: పేగు గోడలో గ్లూకోజును లోపలికి తీసుకునే దారి గంటకు సుమారు 60 గ్రాముల దగ్గర నిండిపోతుంది, ఫ్రక్టోజుకు వేరే దారి ఉంది. అయితే వరసగా ఐదు రోజులు తీపి జిగురు మింగిన నోరు ఆరో రోజు దాన్ని చూస్తేనే వెనక్కి తిరుగుతుంది. ఆవకాయ ముక్క ఒకటి దొరికితే బాగుండునన్న కోరిక అప్పుడు పుట్టేది రుచి కోసమే కాదు, చెమటలో ఉప్పు పోయిన శరీరం కూడా అడుగుతుంది. తినలేకపోవడం ఈ పోటీల్లో కాళ్ల నొప్పి కంటే ప్రమాదకరమైన సూచన. కాళ్లు నొప్పిపెట్టినా పెడల్ తిరుగుతుంది, కడుపు మొరాయిస్తే రెండు గంటల్లో మనిషి ఆగిపోతాడు.

కడుపు మొరాయించడానికి అలసట ఒక్కటే కారణం కాదు. వందలమంది ఒకే మైదానంలో, ఒకే మరుగుదొడ్లు, ఒకే వంటశాల వాడుతూ వారం రోజులు ఉన్నప్పుడు విరేచనాలు ఒకరి నుంచి మరొకరికి పాకడం చిత్రం కాదు. బాట కూడా జబ్బు తేగలదు. 2007లో బ్రిటిష్ కొలంబియాలోనూ 2008లో వేల్స్‌లోనూ బురదలో జరిగిన మౌంటెన్ బైకు పోటీల తర్వాత చాలామందికి విరేచనాలు కలిగించే కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా సోకింది. పశువుల పేడ కలిసిన బురద ముఖం మీదికీ నీళ్ల సీసా మూతి మీదికీ చిమ్మి నోట్లోకి పోవడమే కారణమని పరిశోధకులు తేల్చారు. అవి ఒక్క రోజు పోటీలు కనుక జబ్బు ఇంటికి వెళ్లాక బయటపడింది. వారం రోజుల రేసులో అది మూడో, నాలుగో స్టేజ్‌లో బయటపడుతుంది. అనుభవజ్ఞులు సీసా మూతికి తొడుగు వేసుకోవడం, ప్రతిసారీ చేతులు కడగడం చాదస్తం కాదు.

చర్మం గురించి బహిరంగంగా మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు కానీ, పోటీ వదిలివెళ్లేవారిలో కొందరిని వెనక్కి పంపేది అదే. సీటుకు ఆనే చోట చెమట, ధూళి, ఒరిపిడి కలిసి వెంట్రుకల కుదుళ్లలో చీము పట్టిస్తాయి. ఒక రోజు సెలవు దొరికితే మానిపోయే కురుపు, రోజూ ఏడు గంటలు దాని మీదే కూర్చుంటే గాయమవుతుంది. అరచేతుల్లోనూ ఇలాగే: హ్యాండిల్ మీద ఒత్తిడి, అదురు కలిసి మణికట్టు దగ్గర అల్నార్ నరాన్ని నొక్కడం వల్ల ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారతాయి. రేసు అయిపోయిన రెండు వారాలకు కూడా చొక్కా గుండీ పెట్టుకోవడానికి తడబడేవారుంటారు.

సైకిలు కూడా మనిషిలాగే అలసిపోతుంది, తేడా ఏమంటే దానికి నిద్రతో పని జరగదు. కేప్‌లోని సన్నని ధూళి చైను పిన్నుల మధ్య చేరి అరగదీస్తుంది. బురద పట్టిన రోజున కొత్త బ్రేకు ప్యాడ్లు సాయంత్రానికి ఇనుప రేకు దాకా అరిగిపోవచ్చు. ట్యూబు లేని టైరుకు పదునైన రాయి పక్కగోడలో గాటు పెడితే, చిన్న రంధ్రాలను పూడ్చే లోపలి ద్రవం (సీలెంట్) దాన్ని పూడ్చలేదు; రబ్బరు బిరడా కుక్కాలి, అదీ ఆగకపోతే లోపల ట్యూబు వేయాలి. వెనక గేర్లను మార్చే డీరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్, కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే ఫ్రేము విరగకుండా అది విరగాలని. చాలా సైకిళ్లలో దాని ఆకారం మోడలును బట్టి మారుతుంది. అంటే ఆ చిన్న ముక్క జేబులో లేకపోతే, లక్షల విలువచేసే సైకిలును భుజాన వేసుకుని ముప్పై కిలోమీటర్లు నడవవలసి రావచ్చు. రోడ్డు మీదైతే ఆటో ఎక్కించుకుని రావచ్చు. కొండ మధ్యలో ఆ మాట లేదు.

కేప్ ఎపిక్‌కు మరో ప్రత్యేకత ఉంది: ఇద్దరు కలిసి జట్టుగా తొక్కాలి, ఒకరికొకరు రెండు నిమిషాల దూరంలోపే ఉండాలి. పైకి ఇది సాయంలా కనిపిస్తుంది. ఆచరణలో ఇద్దరిలో నెమ్మదైనవాడు వారమంతా తన శక్తికి కాస్త మించి తొక్కుతాడు, బలమైనవాడు ప్రతి గుట్ట మీదా ఆగి చెమట ఆరబెట్టుకుంటాడు. ఇద్దరికీ ఒకే రోజున ఒంట్లో బాగుండటం అరుదు. ఒకరు తప్పుకుంటే రెండోవారు ఒంటరిగా కొనసాగవచ్చు కానీ జట్టు ఫలితం ఉండదు. జర్మనీ రైడరు కార్ల్ ప్లాట్, స్విట్జర్లాండ్ రైడరు క్రిస్టోఫ్ సాసర్ వేర్వేరు జోడీలతో ఈ రేసును చెరి ఐదుసార్లు గెలిచారు. సాసర్ 2008లో మౌంటెన్ బైకు క్రాస్ కంట్రీ ప్రపంచ విజేత కూడా. గంటన్నర, రెండు గంటలు సాగే క్రాస్ కంట్రీ పోటీలో ప్రపంచాన్ని ఓడించగలిగిన మనిషికి ఇక్కడ మాత్రం గెలుపు భాగస్వామి కడుపు మీద, భాగస్వామి టైరు మీద కూడా ఆధారపడింది. జోడీని ఎంచుకునేటప్పుడు బలం సరిపోలడం కంటే, నీరసపడినప్పుడు నోరు ఎలా పనిచేస్తుందో తెలిసి ఉండటం ముఖ్యమని చెప్పాలి. ఐదో రోజు ఎక్కుడులో అన్న ఒక్క మాట ఏళ్ల స్నేహానికి గీత పెట్టగలదు.

అన్ని స్టేజ్ రేసుల కష్టమూ ఒకే రకం కాదు. కేప్‌లో ఎండ, ధూళి, వదులు రాళ్లు. బ్రిటిష్ కొలంబియాలో వేర్లతో నిండిన అడవి బాటల నైపుణ్యం. బ్రెక్ ఎపిక్ జరిగే బ్రెకెన్‌రిడ్జ్ పట్టణమే దాదాపు 2,900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పడుకున్నా శరీరం పనిచేస్తూనే ఉంటుంది. యాక్ అటాక్ అన్నపూర్ణ ప్రాంతంలో దాటే థొరాంగ్ లా కనుమ ఎత్తు 5,416 మీటర్లు. అక్కడి గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి దానిలో సగం. ఆ మంచులో సైకిలు తొక్కడం కంటే మోయడమే ఎక్కువ. సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి ఎండ చుట్టమే, ఎత్తు మాత్రం పరాయిది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల దగ్గర పది, పద్నాలుగు రోజులు జాగ్రత్తగా తొక్కితే రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, వేడి తట్టుకోవడం తేలికవుతుంది. పలుచని గాలికి అలాంటి ఏర్పాటు నగరంలో ఏదీ లేదు; ముందుగా వెళ్లి అక్కడ వారం, పది రోజులు ఉండటమే దారి.

ముందుగా వెళ్లి ఉండటం అన్నప్పుడు డబ్బు ప్రస్తావన రాక తప్పదు. ఈ రేసుల గురించి రాసేవారు దీన్ని తరచు దాటవేస్తారు. ప్రవేశ రుసుము, విమాన టికెట్లు, సైకిలు పెట్టె, వీసా ఎలాగూ ఉన్నాయి. అసలు తేడా పోటీ లోపల ఉంది. ఇల్లులా అమర్చిన వాహనంలో (మోటార్‌హోమ్) పడుకునేవారు, సైకిలును రోజూ సొంత మెకానిక్‌కు అప్పగించేవారు, రోజూ మాలిష్ చేయించుకునేవారు పైన చెప్పిన వరుసల్లో నిలబడరు. వారికి ఆ పదిహేను గంటలు నిజంగా పదిహేను గంటలు. అదే బాటను అదే సమయంలో పూర్తిచేసిన ఇద్దరిలో ఒకరు గుడారంలోనూ మరొకరు పరుపు మీదా పడుకుంటే, వారిద్దరూ ఒకే పోటీ చేశారని చెప్పడం కష్టం. ఫలితాల పట్టికలో ఈ తేడాకు గడి లేదు.

ఇంత విన్నాక ఇది మానవమాత్రులకు సాధ్యం కాదన్న అభిప్రాయం కలిగితే అది కూడా తప్పే. కేప్ ఎపిక్‌లో బయలుదేరినవారిలో అధికసంఖ్యాకులు పూర్తిచేస్తారు. వారిలో ఉద్యోగాలు చేసుకునేవారు, యాభై దాటినవారు, భార్యాభర్తల జట్లు ఉంటారు. నలభై, యాభై ఏళ్లు పైబడినవారికి వేరే విభాగాలే ఉన్నాయి. ఏడాదిపాటు వారానికి పది, పన్నెండు గంటలు క్రమం తప్పకుండా తొక్కిన ఆరోగ్యవంతుడికి రోజువారీ గడువు అందనిదేమీ కాదు. ఆగిపోయేవారి కథలు వింటే బలం చాలక ఆగినవారు కొద్దిమందే కనిపిస్తారు. జబ్బు, పడిపోయి ఎముక విరగడం, బాగుచేయలేని సైకిలు, ఇవే ఎక్కువ. అన్నిటికీ వెనక తరచు ఒకే తొలి తప్పు ఉంటుంది: మొదటి రెండు రోజులు కాళ్లు బాగున్నాయని ఒళ్లు తెలియకుండా తొక్కడం. అలసిన మనిషే సులువైన మలుపులో పడతాడు, అలసిన మనిషే చేతులు కడగడం మరచిపోతాడు, చైను శబ్దం మారినా రేపు చూద్దామనుకుంటాడు.

హైదరాబాద్‌లో ఉండి దీనికి సిద్ధపడటంలో నిజమైన లోటు పొడవైన ఎక్కుడు దొరకకపోవడం. అనంతగిరి కొండలు వికారాబాద్ దగ్గర దాదాపు ఎనభై కిలోమీటర్ల దూరాన ఉన్నాయి. అడవి బాటలున్నాయి, ఎర్రమట్టి ఉంది, కానీ ఒక్క ఊపున వంద, నూట యాభై మీటర్లు ఎక్కేసరికి కొండ అయిపోతుంది. గంటసేపు ఆగకుండా ఎక్కడం నేర్వాలంటే హార్సిలీ హిల్స్‌కో, విశాఖ ఏజెన్సీ ఘాట్లకో వెళ్లాలి. అందువల్ల ఇక్కడివారు అదే ఎక్కుడును పది, పన్నెండుసార్లు తిరగేస్తారు. చూసేవారికి పిచ్చిగా ఉంటుంది కానీ కాళ్లకు ఆ తేడా తెలియదు. వారానికి ఒక్కసారి మూడు వందల కిలోమీటర్లు తొక్కే బీఆర్‌ఎం అలవాటు మాత్రం ఇక్కడ అంతగా అక్కరకు రాదు. అది ఒక పెద్ద ఖర్చుకు, ఆ తర్వాత ఆరు రోజుల విశ్రాంతికి శరీరాన్ని తయారుచేస్తుంది.

దానికి బదులు సెలవు కలిసివచ్చిన వారాంతంలో శుక్ర, శని, ఆదివారాలు మూడు రోజులూ అనంతగిరిలో మట్టిబాటల మీద ఐదేసి గంటలు తొక్కి, రాత్రులు అక్కడే గుడారంలో పడుకుని, తమ సైకిలు తామే కడుక్కుని, తమ తిండి తామే చూసుకుంటే చాలా సంగతులు బయటపడతాయి. ఆదివారం మధ్యాహ్నంతో అది ముగిసిందనుకోకూడదు. సోమవారం ఉదయం ఐదింటికి లేచి, టిఫిను ఎంత దిగుతుందో చూసి, ఒక్క గంట మళ్లీ సైకిలెక్కాలి. సీటు మీద మొదటి పది నిమిషాలు కూర్చోగలగడం, బ్రేకు మీద చేతివేళ్లు ముడుచుకోవడం, చిన్న ఎక్కుడులో గుండె పైకి లేవడం లేదా లేవకపోవడం, తోడు వచ్చినవారితో మర్యాదగా మాట్లాడగలగడం, వీటిని ఆ గంటలో గమనించి ఒక కాగితం మీద రాసుకుంటే, ప్రవేశ రుసుము కట్టాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది.